ఘాటు రోడ్డులో ఫోను కదలకూడదు: జీపుకి బిగింపులు ఇంట్లోనే చేసుకోవడం ఎలా

శృంగవరపుకోట (ఎస్.కోట) దాటి అనంతగిరి ఘాటు ఎక్కుతున్నాను ఒకసారి. మలుపు తిరుగుతుండగా ముందు అద్దానికి అంటించిన ఫోను స్టాండు ఊడింది. ఊడి సీట్లో పడినా బాగుండేది. కాళ్ల దగ్గరికి జారి, సరిగ్గా బ్రేకు పెడలు కిందికి దూరింది. బ్రేకు తొక్కితే సగం దిగి ఆగిపోయింది. ఎదురుగా లారీ దిగుతోంది. రెండో గేరులో ఉన్నాను కాబట్టి హ్యాండ్ బ్రేకు లాగి, కొండవైపు కాలవలోకి రెండు చక్రాలు దింపి ఆపగలిగాను. పక్కనున్న మా ఆవిడ వంగి ఫోను తీసేదాకా నా కాలు వణుకుతూ పెడలు మీదే ఉంది.

ఆ రోజు తర్వాత నా జీపులో ఏ వస్తువునీ జిగురుకో, రబ్బరు కప్పుకో అప్పగించలేదు. ఫోను, డాష్‌క్యామ్ (రోడ్డుని రికార్డు చేసే చిన్న కెమెరా), వాకీటాకీ, టార్చి, టైర్లకి గాలి కొట్టే కంప్రెసరు, ఏదైనా సరే బోల్టు మీదే నిలబడాలి. వీటిలో చాలా భాగం ఆదివారం పూట మేడ మీద కూర్చుని చేసుకున్నవే. మీ దగ్గర పాత మహీంద్రా జీపున్నా, థార్ ఉన్నా, జిమ్నీ ఉన్నా, జిప్సీ ఉన్నా పద్ధతి ఒకటే. తేడా ఎక్కడొస్తుందో ఆ చోట చెబుతాను.

ముందు, ఆ రబ్బరు కప్పు ఎందుకు ఊడింది?

కప్పు అద్దాన్ని పట్టుకోదు. బయటి గాలి దాన్ని అద్దానికేసి నొక్కి ఉంచుతుంది, అంతే. విశాఖ బీచ్ రోడ్డులో అంటించినప్పుడు ఉన్న గాలి ఒత్తిడి, 900 మీటర్ల ఎత్తు దాటిన అరకులో సుమారు పదో వంతు తగ్గిపోతుంది. నొక్కే బలం కూడా అంతే తగ్గుతుంది. ఎండకి రబ్బరు మెత్తబడుతుంది, దుమ్ము అంచుల్లోంచి లోపలికి చేరుతుంది, డీజిలు ఇంజను రోజంతా సన్నగా కుదుపుతూనే ఉంటుంది. ఇవన్నీ కలిసి మలుపు దగ్గర పని పూర్తి చేస్తాయి. అయస్కాంతం స్టాండ్లదీ ఇంచుమించు అదే కథ. నున్నటి హైవే మీద బాగానే ఉంటాయి. గతుకుల్లో ఫోను బరువే ఫోనుని లాగేస్తుంది, పైగా ఫోనులోని దిక్సూచి తప్పు దిక్కు చూపించే ప్రమాదం ఉంది.

చెయ్యి పొట్టి, కాలు వెడల్పు

మొత్తం పనిలో గుర్తుపెట్టుకోవాల్సింది ఇదొక్కటే. వస్తువు ఉన్న చోటికీ, బోల్టు ఉన్న చోటికీ మధ్య దూరాన్ని చెయ్యి అనుకోండి. బిగింపు డాష్‌ని, అంటే డాష్‌బోర్డుని, తాకే భాగం కాలు. ఒకవైపు బిగించిన పట్టీ చివర బరువు పెడితే అది ఎంత వంగుతుందనేది పొడవు ఘనాన్ని బట్టి ఉంటుంది. అంటే 20 సెంటీమీటర్ల చేతిని 10 సెంటీమీటర్లకు తగ్గిస్తే, వంగడం సగం కాదు, ఎనిమిదో వంతుకి పడిపోతుంది. మందం విషయంలో లెక్క తిరగబడుతుంది. 3 మిల్లీమీటర్ల పట్టీ బదులు 5 మిల్లీమీటర్లది వాడితే నాలుగున్నర రెట్లకు పైగా గట్టిగా నిలుస్తుంది. అందుకే బజారులో దొరికే పాము మెడలాంటి పొడుగు స్టాండ్లు ఎంత ఖరీదైనవైనా ఘాటులో తలూపుతూనే ఉంటాయి.

ఊగడం వల్ల కంటికి చిరాకు ఒక్కటే కాదు. ఇప్పటి ఫోను కెమెరాల్లో చేతి వణుకుని సరిదిద్దడానికి లోపల లెన్సు కదులుతూ ఉంటుంది. పెద్ద మోటారు సైకిళ్ల ఇంజను కుదుపు నేరుగా తగిలితే ఆ భాగం పాడవుతుందని యాపిల్ కంపెనీయే 2021లో హెచ్చరించింది. మన జీపుల కుదుపు అంత కాకపోవచ్చు గానీ, పాత డీజిలు ఇంజను ఐడ్లింగులో ఉన్నప్పుడు డాష్ మీద చెయ్యి వేసి చూడండి, జాగ్రత్త ఎందుకో తెలుస్తుంది. గట్టి బిగింపు, దాని కింద పల్చటి రబ్బరు పొర, ఈ రెండూ కలిసి ఉండాలి.

ఎక్కడ బిగించాలో తేల్చుకోండి

డ్రిల్లు తియ్యకముందు బండిలో కూర్చోండి. సీటు మీరు నడిపే తీరుగా సర్దుకుని, బెల్టు పెట్టుకుని, ఫోనుని చేత్తో ఒక్కో చోట పట్టుకుని చూడండి. పక్కన ఎవరైనా ఉంటే వాళ్లని పట్టుకోమనండి. చూడాల్సినవి ఇవి:

రోడ్డు మీద నుంచి కళ్లు కొద్దిగా దించితే ఫోను కనిపించాలి, మెడ తిప్పక్కర్లేదు. అద్దంలోంచి రోడ్డుని అది మూయకూడదు. మొదటి గేరు నుంచి రివర్సు దాకా, ఫోర్ వీల్ లివరుతో సహా అన్నీ వేసి చూడండి, మోచెయ్యి తగలకూడదు. మోకాలికీ తగలకూడదు. ఎగుడుదిగుడులో తల ముందుకి ఊగితే ఇనుప మూల నుదుటికి ఎదురుగా ఉండకూడదు.

ఎయిర్ బ్యాగులు. స్టీరింగు మధ్యలో, ఎడం సీటు ముందు డాష్ మీద ఆ గుర్తు ఉంటే, దాని మీదా దాని ముందూ ఏమీ పెట్టొద్దు. చిన్న స్టిక్కరు స్టాండు కూడా వద్దు. బ్యాగు విచ్చుకునేటప్పుడు అడ్డొచ్చిన వస్తువు మనిషి ముఖం మీదికే వస్తుంది. కొన్ని బళ్లలో అద్దం పక్క స్తంభాల వెంట కూడా తెర బ్యాగులుంటాయి, ఆ ప్లాస్టిక్ మూత మీద ఎయిర్ బ్యాగ్ అన్న అక్షరాలు అచ్చుపోసి ఉంటాయి. అక్కడ స్క్రూ దింపొద్దు.

చట్టం సంగతి కూడా చెప్పాలి. 2020 అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చిన సవరణ ప్రకారం, బండి నడుపుతూ ఫోనుని దారి చూసుకోవడానికి మాత్రమే వాడొచ్చు, అదీ ధ్యాస చెదరకుండా. బిగింపు చేసుకున్నామని వీడియో కాల్ మాట్లాడుకోవడానికి లేదు. ఘాటు ఎక్కితే నెట్‌వర్కు పలచబడుతుంది కాబట్టి మ్యాపు ఇంట్లోనే దించుకుని బయలుదేరండి, అప్పుడు దారిలో ఫోను ముట్టుకునే పనే ఉండదు.

సామాను

గాజువాక ఆటోనగర్‌లో లేతు పని చేసేవాళ్ల దగ్గరా, పూర్ణా మార్కెట్ చుట్టుపక్కల హార్డ్‌వేర్ కొట్లలోనూ అన్నీ దొరుకుతాయి. అయితే నా మొదటి మజిలీ ఎప్పుడూ కిటికీలు చేసే అల్యూమినియం షాపే. అక్కడ మూలన పడేసిన సెక్షను ముక్కలుంటాయి. జానెడు, మూరెడు ముక్కలు వాళ్లకి పనికిరావు, మనకి అవే కావాలి. మర్యాదగా అడిగితే తూకానికి ఇచ్చేస్తారు.

కావాల్సినవి: 40 మిల్లీమీటర్ల వెడల్పు, 5 మిల్లీమీటర్ల మందం ఉన్న అల్యూమినియం ఫ్లాట్ ఒక మీటరు (బరువు అర కిలోకి కాస్త పైన ఉంటుంది), ఎల్ యాంగిల్ ముక్క ఒకటి, స్టెయిన్‌లెస్ ఎం5, ఎం6 బోల్టులు (5, 6 మిల్లీమీటర్లవి), వాటికి నైలాక్ నట్లు (లోపల నైలాన్ చుట్టు ఉండి, కుదుపుకి వదులవ్వనివి), వెడల్పు వాషర్లు, పాత సైకిలు ట్యూబు ఒకటి, నీలం రంగు లాక్‌టైట్ (మరలు వదులవ్వకుండా పట్టే ద్రవం) చిన్న సీసా. పనిముట్లకి హ్యాక్సా, ఆకురాయి, సెంటర్ పంచ్, 3, 5.5, 6.5 మిల్లీమీటర్ల డ్రిల్లు బిట్లు, ఒక వైసు.

ఒక్కటి మాత్రం కొనుక్కోండి, చేసుకోవద్దు. రబ్బరు పూతున్న అంగుళం గుండు, దాన్ని రెండువైపులా పట్టే పొట్టి సాకెట్టు చెయ్యి, చివర ఫోను పట్టే దవడలు. గుండుని లేతు మీద తిప్పించుకోవచ్చు గానీ దాని మీద రబ్బరు పూత మన వల్ల కాదు, పట్టంతా ఆ రబ్బరులోనే ఉంది. నేను ప్రయత్నించి, రెండు గుండ్లు పాడుచేసి మానుకున్నాను. ఈ గుండు ప్లేట్లకి చాలావరకు నాలుగు బెజ్జాలు ఒకే కొలతలో వస్తాయి: 30 మిల్లీమీటర్లు ఒకవైపు, 38 మిల్లీమీటర్లు ఇంకోవైపు. ఆంప్స్ ప్యాటర్న్ అంటారు. మీ పట్టీకి ఆ నాలుగు బెజ్జాలు పెట్టుకుంటే ఇవాళ ఫోను, రేపు ట్యాబ్లెట్, ఎల్లుండి జీపీఎస్, ఏ కంపెనీదైనా కూర్చుంటుంది. చిన్న కెమెరాలకైతే పావు అంగుళం స్క్రూ, అదే ట్రైపాడ్ స్క్రూ, ప్రపంచమంతా ఒకటే కొలత.

త్రీడీ ప్రింటు చేయించుకుందామని చాలామంది అనుకుంటారు. చేయించుకోండి, కానీ ఏ ప్లాస్టిక్కో అడగండి. అందరూ మామూలుగా వాడే పీఎల్‌ఏ 60 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది. మే నెలలో ఆర్కే బీచ్ దగ్గర అద్దాలెత్తి బండి పార్కు చేస్తే డాష్ ఆ వేడికి తేలిగ్గా చేరుతుంది. మా బావమరిది థార్‌లో ముచ్చటగా ప్రింటు చేయించుకున్న బిగింపు ఒక్క మధ్యాహ్నానికి వడలిన ఆకులా వేలాడింది. ఏఎస్‌ఏ అనే రకం 100 డిగ్రీల దాకా తట్టుకుంటుంది, ఎండకి పెళుసెక్కదు. బరువు మొయ్యని చిన్న ముక్కలకి అది వాడండి.

ఉప్పు గాలి

ఈ ముక్క ఇంకో ఊరివాళ్లకైతే రాసేవాణ్ణి కాదు. మా మామయ్య షిప్‌యార్డులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యారు. నేను చేసిన మొదటి పట్టీ చూసి, "అల్యూమినియానికీ ఇనుముకీ మధ్య ఏం పెట్టేవురా?" అని అడిగారు. ఏమీ పెట్టలేదన్నాను. "సంవత్సరం తర్వాత విప్పి చూడు" అన్నారు. విప్పితే పట్టీ అడుగున తెల్లటి సున్నంలాంటి పొడి, బోల్టు చుట్టూ గుంటలు.

రెండు వేర్వేరు లోహాలు ఒకదానికొకటి తాకుతూ, మధ్యలో ఉప్పు తడి చేరితే అది చిన్న బ్యాటరీ అయిపోతుంది. అందులో అల్యూమినియం కరిగిపోతుంది. విశాఖలో సముద్రానికి రెండు మూడు కిలోమీటర్ల లోపల ఉన్న ఇళ్లకి కూడా ఈ తడి చేరుతుంది. కాబట్టి పట్టీ కింద సైకిలు ట్యూబు పొర వెయ్యాలి, బోల్టు తల కింద నైలాన్ వాషరు పెట్టాలి, కలిసే చోటల్లా పల్చగా గ్రీజు రాయాలి. ఇనుప డాష్‌కి బెజ్జం పెడితే అంచుకి వెంటనే రెడ్ ఆక్సైడ్ (తుప్పు పట్టనివ్వని రంగు) పూయాలి, సాయంత్రం చూద్దాంలే అనుకోకూడదు. స్టెయిన్‌లెస్ నట్టుని స్టెయిన్‌లెస్ బోల్టు మీద మెషీనుతో గబగబా తిప్పొద్దు, మరలు వేడెక్కి ఒకదాన్నొకటి కరుచుకుంటాయి. చుక్క గ్రీజు వేసి, చేతి పానాతో నిదానంగా బిగించండి.

డాష్ పట్టీ చేసే తీరు

1. అట్టతో మొదలుపెట్టండి. చెప్పుల డబ్బా అట్ట చాలు. డాష్ మీద మీరు ఎంచుకున్న చోట పెట్టి, వంపుల్ని బట్టి మడిచి, కత్తిరించి సరిచూసుకోండి. నాకు మూడు నాలుగు అట్టలు పడతాయి. అట్ట తప్పితే పోయేది ఏమీ లేదు, లోహం తప్పితే ఆదివారం పోతుంది.

2. పట్టీకి పట్టు ఎక్కడ దొరుకుతుందో చూడండి. పాత జీపుల్లో డాష్ ఇనుప రేకే కాబట్టి నేరుగా బెజ్జం పెట్టొచ్చు. కొత్త బళ్లలో ప్లాస్టిక్ డాష్‌కి బెజ్జం పెట్టే ఆలోచన మానేయండి. దాని వెనక ఏసీ గొట్టాలు, వైర్ల కట్టలు ఉంటాయి. అక్కడ ఇప్పటికే ఉన్న స్క్రూలని వెతకండి: మీటర్ల చుట్టూ ఉన్న చట్రం స్క్రూలు, అక్కడ ఎయిర్ బ్యాగు లేకపోతే ఎడం సీటు ముందు పట్టుకునే కడ్డీ బోల్టులు. అసలు స్క్రూ తీసి, పట్టీ మందం ఎంతో అంత ఎక్కువ పొడవున్న స్క్రూ వెయ్యాలి. మర అదే రకంగా ఉండాలి. పాతది జేబులో వేసుకుని కొట్టుకి వెళ్లండి. కనీసం రెండు స్క్రూల మీద నిలబడేలా చూడండి. ఒక్క స్క్రూ మీద ఏ పట్టీ అయినా తిరుగుతుంది.

3. అట్ట కొలతని పట్టీ మీద గీసి, హ్యాక్సాతో కోయండి. మూలల్ని ఆకురాయితో బాగా గుండ్రంగా అరగదీయండి. ఈ పనికి పావు గంట ఎక్కువే ఇవ్వండి. వేలు పెట్టి రాస్తే ఎక్కడా గుచ్చుకోకూడదు, అది మీ పిల్లల తల తగిలే చోటు కావచ్చు.

4. వంచడం. ఇక్కడే ఎక్కువ మంది పట్టీ విరుగుతుంది. వైసులో పెట్టి సుత్తితో పదునైన మూలలా వంచితే బయటివైపు సన్నటి పగుళ్లు వస్తాయి, ఘాటు కుదుపుకి అవే పెరుగుతాయి. వంపు లోపల ఒక లావు కడ్డీ పెట్టి, దాని చుట్టూ తిప్పినట్టు నిదానంగా వంచండి. అయిదు మిల్లీమీటర్ల పట్టీకి 25 మిల్లీమీటర్ల కడ్డీ సరిపోతుంది. వంచిన చోటే మళ్లీ వెనక్కి వంచొద్దు. ఆటోనగర్ మేస్త్రి ఒకాయన నాకు చెప్పిన కిటుకు: వంచే చోట బట్టల సబ్బు పులిమి, అడుగు నుంచి గ్యాసు మంట పెట్టాలి. సబ్బు నల్లబడగానే మంట తీసేసి చల్లారనిస్తే ఆ భాగం మెత్తబడి పగలకుండా వంగుతుంది. "సబ్బు నలుపు తిరిగాక ఇంకో నిమిషం ఉంచేరంటే పట్టీ కారిపోతాది బాబూ" అని కూడా ఆయనే చెప్పాడు. కిటికీ సెక్షను ముక్కల్ని మాత్రం వంచే ప్రయత్నం చెయ్యొద్దు, అవి గట్టి రకం, చిట్లుతాయి. ఎల్ యాంగిల్‌ని ఉన్న వంపుతోనే వాడుకోండి.

5. బెజ్జాలు. గుండు ప్లేటునే పట్టీ మీద పెట్టి గుర్తులు పెట్టండి, కొలతబద్దతో కొలిస్తే మిల్లీమీటరు అటూఇటూ పోతుంది. సెంటర్ పంచ్‌తో చిన్న గుంట కొట్టి, ముందు 3 మిల్లీమీటర్ల బిట్టు, తర్వాత ఎం5కి 5.5, ఎం6కి 6.5. అల్యూమినియం బిట్టుకి అంటుకుంటుంది కాబట్టి చుక్క కిరసనాయిలో, వంటనూనో వేస్తుండండి. కళ్లకి రక్షణ అద్దాలు తప్పనిసరి.

6. పాత జీపు డాష్ రేకు పల్చన. అందులో మర కోస్తే రెండు చుట్లు కూడా పట్టవు. వెనకకి చెయ్యి దూరే చోటైతే బోల్టు, వెడల్పు వాషరు, నైలాక్ నట్టు. దూరని చోట రివెట్ నట్టు (ముందువైపు నుంచే రేకుకి బిగిసే నట్టు) వేయించండి: ఎం6కి 9 మిల్లీమీటర్ల బెజ్జం పెట్టాలి. రివెట్ నట్టు గన్ను మీ దగ్గర లేకపోతే బండి బాడీ కట్టే షెడ్డులో ఉంటుంది. డ్రిల్లు దించే ముందు డాష్ వెనక టార్చి వేసి చూడండి, బిట్టుకి టేపు చుట్టి లోతు గుర్తు పెట్టుకోండి.

7. రబ్బరు పొర వేసి, పట్టీ కూర్చోబెట్టి, అన్ని బోల్టుల్నీ ముందు వేళ్లతో ఎక్కించాకే ఒక్కొక్కటిగా బిగించండి. నైలాక్ నట్టు దాటి రెండు మరలు బయటికి కనిపించాలి. నైలాక్ పెట్టలేని చోట నీలం లాక్‌టైట్ చుక్క. అది ప్లాస్టిక్ మీద పడితే కొన్ని ప్లాస్టిక్కులు పగుళ్లిస్తాయి, జాగ్రత్త.

నలుపు మ్యాట్ రంగు కొట్టించండి. మెరిసే అల్యూమినియం మధ్యాహ్నం ఎండని అద్దంలోకి తిప్పి కళ్లలో కొడుతుంది.

పైపు మీద పట్టు

రోల్ కేజ్ (బండి తిరగబడితే తల కాపాడే పైపుల చట్రం) ఉన్నవాళ్లకీ, ఎడం సీటు ముందు ఎయిర్ బ్యాగు లేకుండా పట్టుకునే కడ్డీ ఉన్నవాళ్లకీ ఇంకా సులువు. ప్లంబింగు సామాను కొట్టులో గోడకి పైపు బిగించే రెండు ముక్కల క్లాంపులు దొరుకుతాయి. మీ పైపు కన్నా ఒక సైజు పెద్దది తీసుకోండి. పైపు వ్యాసం తెలియకపోతే దారం ఒక చుట్టు చుట్టి, ఆ పొడవుని 3.14తో భాగించండి. సైకిలు ట్యూబు ముక్కని పైపుకి రెండు చుట్లు చుట్టి, దాని మీద క్లాంపు బిగిస్తే రంగు గీసుకుపోదు, జారదు, కుదుపు కూడా కొంత ఆ రబ్బరులోనే ఆగిపోతుంది. అలాంటి క్లాంపులు రెండు పక్కపక్కన పెట్టి, వాటి మీద అరచేతి పొడవు ఫ్లాట్ ముక్క అడ్డంగా బిగించండి. ఒక్క క్లాంపు ఎంత బిగించినా గుండు బరువుకి పైపు చుట్టూ తిరుగుతుంది. రెండుంటే తిరగదు. ఆ ముక్క మీద ఆంప్స్ బెజ్జాలు పెడితే సరి.

రోల్ కేజ్ పైపుకి మాత్రం బెజ్జం పెట్టకూడదు, వెల్డింగు చేయించకూడదు. బండి తిరగబడిన రోజు మన తల కాపాడాల్సింది ఆ పైపే.

టార్చికీ, వాకీటాకీకీ నేను పీవీసీ పైపు వాడతాను. వస్తువు కన్నా కాస్త వదులైన పైపుని జానెడు కోసి, నిలువునా ఒక చీలిక తీసి, హాట్ ఎయిర్ గన్నుతో వేడి చేస్తే మైనంలా వంగుతుంది. వస్తువుకి గుడ్డ చుట్టి, మెత్తబడిన పైపుని దాని చుట్టూ నొక్కి, తడి గుడ్డతో చల్లార్చండి. అచ్చు అలాగే నిలబడి, వస్తువుని కరుచుకుంటుంది. ఈ పని ఆరుబయటే చెయ్యాలి. పీవీసీని మంట మీద పెట్టి మాడిస్తే వచ్చే పొగ ఊపిరితిత్తులకి హాని చేస్తుంది. వాకీటాకీ అన్నాను కాబట్టి ఒక మాట: లైసెన్సు అక్కర్లేకుండా వాడుకోగలిగేది 446.0 నుంచి 446.2 మెగాహెర్ట్జ్ మధ్య పనిచేసే తక్కువ పవరు సెట్లు. కొనేముందు డబ్బా మీద ఆ అంకె చూడండి.

డాష్‌క్యామ్‌కి సన్ వైజర్లని మధ్యలో పట్టుకునే క్లిప్పు స్క్రూ ఉంటుంది. దాని కింద చిన్న ఎల్ ముక్క పెట్టి, పావు అంగుళం స్క్రూతో కెమెరా వేలాడదీయండి. వెనక బళ్లని చూసే అద్దం చాటున దాక్కుంటుంది, చూపుకి అడ్డు రాదు.

బరువైనవి కిందే. కంప్రెసరు, మంటలార్పే సిలిండరు డాష్ మీద గానీ, తల వెనక గానీ వద్దు. వెనక బాడీ నేల మీద బోల్టు వేసి, అడుగున అరచేతంత రేకు ముక్కని వాషరులా పెట్టండి, లేకపోతే నేల రేకు చిరుగుతుంది. బెజ్జం పెట్టే ముందు బండి కింద పడుకుని డీజిలు ట్యాంకు, బ్రేకు గొట్టాలు ఎక్కడున్నాయో చూసుకోవాలి. సీటు బోల్టులు, సీటు బెల్టు బోల్టులు మాత్రం ఏ పనికీ ముట్టుకోవద్దు.

కరెంటు

ఫోను ఎంత బాగా బిగించినా ఛార్జింగు వైరు వేలాడుతూ గేరు రాడ్డుకి చుట్టుకుంటే చేసిందంతా వృథా. బ్యాటరీ ప్లస్ నుంచి వైరు తీసిన చోటే, జానెడు లోపల ఫ్యూజు పెట్టండి. ఫ్యూజు కాపాడేది ఫోనుని కాదు, ఆ వైరుని. ఫ్యూజు డాష్ దగ్గర పెడితే, దానికీ బ్యాటరీకీ మధ్య వైరు ఎక్కడైనా రేకుకి రాసుకుని తెగిన రోజు ఆపేది ఏదీ ఉండదు. ఇంజను గది గోడలోంచి వైరు దూర్చేచోట రబ్బరు గ్రోమెట్ (బెజ్జం అంచుకి తొడిగే చుట్టు) ఉండి తీరాలి.

ఫోను ఛార్జరు 15 వాట్లు తీసుకుంటే 12 వోల్టుల వైపు ఒకటిన్నర ఆంపియరు లోపే. దానికి 1 చదరపు మిల్లీమీటరు వైరు, 3 ఆంపియర్ల ఫ్యూజు చాలు. కంప్రెసరు లెక్క వేరు. అది 10 ఆంపియర్లు లాగుతుంటే, రానూపోనూ 6 మీటర్ల వైరులో 1 చదరపు మిల్లీమీటరుదైతే వోల్టు పైనే దారిలో పోతుంది, 2.5దైతే అర వోల్టు లోపే. సిగరెట్ లైటర్ సాకెట్టులో పెట్టి దాన్ని నడపొద్దు, బ్యాటరీకే విడి వైరు వెయ్యండి. డాష్‌క్యామ్, ఛార్జరు ఇగ్నిషన్ తాళంతో ఆగిపోయేలా రిలే (తాళాన్ని బట్టి కరెంటుని కలిపి, తెంపే స్విచ్చు) పెట్టించుకుంటే బ్యాటరీ దిగిపోదు, పొద్దున్న బండి తోసే పని తప్పుతుంది. యూఎస్‌బీ సాకెట్టు కొనేటప్పుడు 12-24 వోల్టులు అని ఉన్నదే తీసుకోండి. ఆల్టర్నేటరు ఒక్కోసారి ఎగదన్నే వోల్టుల్ని అది తట్టుకుంటుంది.

వైరుని పట్టీ వెంటే ఆనించి, అరచెయ్యికొక జిప్ టై వేసుకుంటూ రండి. ఫోను దగ్గర చిన్న వంపు వదలండి, బిగుతుగా లాగి ఉంచితే ఛార్జింగు పిన్ను పాడవుతుంది.

పరీక్ష

ఇంటి దగ్గర ఫోను లేకుండా పట్టీ పట్టుకుని గట్టిగా లాగండి, రెండువైపులా తిప్పండి. డాష్ మూలిగినా, కిర్రుమన్నా ఇంకో ఆధారం కావాలని అర్థం. తర్వాత ప్రతి నట్టు మీద నుంచి పక్కనున్న లోహం మీదికి నెయిల్ పాలిష్‌తో సన్నటి గీత గీయండి. నట్టు వెంట్రుకవాసి తిరిగినా గీత విరిగి కనిపిస్తుంది, పానా పట్టుకోకుండానే చూపుతో తెలిసిపోతుంది. మా ఆవిడ ఎర్ర రంగు ఇచ్చింది, నల్ల పట్టీ మీద బాగా కనబడుతుంది.

మొదటి ప్రయాణం దూరం పెట్టుకోవద్దు. నేను యారాడ కొండ ఎక్కి దిగుతాను. ఎక్కుడు, మలుపులు, ఉప్పు గాలి మూడూ ఒకే రోడ్డులో ఉంటాయి. ఫోను బదులు అంతే బరువున్న చెక్క ముక్క పెట్టి వెళ్లండి. తిరిగొచ్చాక గీతలు చూసి, జరిగినవి బిగించి, పాత గీత చెరిపి కొత్తది గీయండి. రబ్బరు పొర మొదటిసారి అణుగుతుంది కాబట్టి ఒకటి రెండు జరగడం మామూలే. రెండోసారి కూడా అదే నట్టు జరిగితే బిగించి వదిలేయొద్దు. అక్కడ చెయ్యి పొడుగైందో, కాలు ఇరుకైందో చూడండి.

ఆ తర్వాతే అరకు గానీ, నర్సీపట్నం మీదుగా లంబసింగి గానీ. నేను ఘాటు ఎక్కేముందు ఎస్.కోటలో టీకి ఆగినప్పుడు ఆ ఎర్ర గీతలన్నీ ఒకసారి చూస్తాను, పైకి చేరాక మళ్లీ చూస్తాను. వానాకాలం వెళ్లాక, దసరాకి ఆయుధ పూజ రోజున బండి కడిగేటప్పుడు ప్రతి పట్టీనీ విప్పి, అడుగున తెల్లపొడి ఉందేమో చూసి, తుడిచి, కొత్త ట్యూబు పొర వేసి, గ్రీజు రాసి బిగిస్తాను.